తెలిసినావిడ

ఫిబ్రవరి 3

పొట్టీ,

నువ్వు బాగున్నావనే అనుకుని మొదలుపెడుతున్నాను, కాకపోతే జవాబులో చెప్పు. ఫోన్లో చెబుదామంటే మనిద్దరికీ ఫోను అచ్చిరాదు. మూడో నిమిషానికి నువ్వో నేనో పెట్టేస్తాం. కాగితమైతే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు.

పడవ పూర్తయింది. నవ్వకు. ఆరేళ్ళ కిందట ఎవరో వదిలేసి పోయిన ముప్ఫై అడుగుల డొల్లని మరమ్మతు షెడ్డు వాళ్ళు ముక్కలు చేయబోతుంటే అడ్డుపడి తెచ్చుకున్నాను చూడు, అదే. ఇప్పుడు తెరచాప కొయ్య నిలబడింది, ఇంజను తిరుగుతోంది, తెరచాపలు ఎలాగూ నా చేతివే. లోపల రెండు పడకలు, ఒక పొయ్యి, చేతులు కడుక్కోవడానికి పళ్ళెమంత తొట్టి. పది పదిహేను రోజులు తీరం వెంట తిరిగి రావడానికి అంతకంటే ఏం కావాలి? ముప్ఫై రెండేళ్ళుగా ఊరందరి పడవలకీ చాపలు కుడుతున్నాను. చిరిగి వచ్చిన గుడ్డ చూసి అది ఏ గాలికి చిరిగిందో చెప్పగలను. ఆ గాలిని సొంత పడవలో కూర్చుని ఒక్కసారి చూడాలని ఉంది. పడవ నడిపే పరీక్ష పాసై నాలుగేళ్ళయింది, కాగితం అద్దంలో పెట్టించాను.

మీ బావ ఎక్కరు. బకెట్లో నీళ్ళు నిండుగా ఉంటేనే దూరంగా నిలబడే మనిషి. "నువ్వు నీళ్ళమీద పో, నేను బస్సులో వెనకాలే వచ్చి ప్రతి రేవులో క్యారియర్ పట్టుకుని నిలబడతాను" అన్నారు. అదీ మా ఒప్పందం.

ఇక అసలు సంగతి. షెడ్డు స్థలం అమ్మేశారు. మే 31 తర్వాత అక్కడ మిగిలిన పడవలన్నీ యంత్రంతో నలిపేస్తారట. మా ఏట్లో దాన్ని ఉంచలేను. నా పడవ కింది భాగం నీళ్ళలోకి అయిదడుగులు దిగుతుంది, ఆటు తీస్తే ఇక్కడ బురదే. మే నెలాఖరు పున్నమి పోటుకి కిందికి దించి, సముద్రం పక్కన మీ ఊళ్ళో కట్టెయ్యాలి. మీ పడవల క్లబ్బులో సభ్యత్వం ఉంటేనే బెర్త్, అదే పడవ కట్టుకునే చోటు, ఇస్తారు. సభ్యత్వానికి అయిదేళ్ళు దాటిన ఇద్దరు సభ్యుల సంతకాలు కావాలి. నువ్వూ మరిదిగారూ పద్దెనిమిదేళ్ళుగా సభ్యులు. ఆ రెండు సంతకాలూ మీ భోజనాల బల్ల దగ్గరే ఉన్నాయన్నమాట. ఫారం జత చేశాను.

బెర్త్ దొరికితే చాలంటే మీ బావ "కింది బెర్తా, పై బెర్తా?" అని అడిగారు. ఈ మనిషితో వేగుతున్నాను.

అక్క

*

ఫిబ్రవరి 19

అక్కా,

ఫారం అందింది. పడవ పూర్తయినందుకు చాలా సంతోషం. మాకు స్కూల్లో పరీక్షలు దగ్గరపడ్డాయి, భూగోళం సిలబస్ ఇంకా రెండు పాఠాలు మిగిలే ఉంది, అందుకే జవాబు ఆలస్యమైంది.

క్లబ్బు సంగతి నువ్వనుకున్నంత సులువు కాదు. బెర్త్‌ల కోసం ఎదురుచూసే వాళ్ళ జాబితా చాంతాడంత ఉంది. సభ్యులైతే ఏడాదికి నాలుగు రోజులు కాపలా పడవలో డ్యూటీ చేయాలి, అంతదూరం నుంచి నువ్వు ఎలా వస్తావు? ఆయన్ని అడిగాను. చూద్దాం అన్నారు. నేనూ కమిటీలో ఒకరిద్దరితో మాట్లాడి చూస్తాను. ఈలోపు ఇంకెక్కడైనా చోటు ఉందేమో నువ్వూ చూడు. అంతగా కుదరకపోతే మంచి ఆసామీని చూసి ఇచ్చేయడం గురించి కూడా ఆలోచించు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఒక్కదానివి సముద్రం మీద అంటే నాకు భయమేస్తుంది కూడా.

తొందరపడకు. చూద్దాం.

ప్రేమతో,
పొట్టి

*

ఫిబ్రవరి 26

క్లబ్బు మెంబరు గారికి,

పేజీన్నర ఉత్తరంలో ఎన్ని నీళ్ళు నమిలావే! మా ఏట్లో కూడా అన్ని లేవు.

జాబితా చాంతాడంత ఉందా? కిందటి నెల మీ అధ్యక్షుడి పెద్ద చాప ఇవ్వడానికి వెనక గేటు నుంచి వచ్చాను. చేతులు ఖాళీ అయ్యాక చెక్కల వంతెన మీద చివరిదాకా నడిచాను. పదిహేడో నంబరు ఖాళీ. కట్టిన తాడుకి పాచి పట్టి జానెడు గడ్డం మొలిచింది. కాపలా మనిషిని అడిగితే, ఆ పడవ ఆసామి వేరే దేశం పోయి రెండేళ్ళయిందట, చోటు మాత్రం ఆయన పేరునే ఉందట. రెండేళ్ళుగా ఒక తాడుకి బెర్త్ ఇచ్చారు మీరు. ఆ తాడు సభ్యత్వం ఎవరు సంతకం పెట్టారో కనుక్కో.

వయసు మాట ఎత్తావు. ఎనిమిది మీటర్ల తడి గుడ్డ భుజాన వేసుకుని మీ క్లబ్బు మెట్లు ఎక్కినప్పుడు ఎవ్వరూ నా వయసు అడగలేదు.

నీకు అసలు ఇబ్బంది ఏమిటో నేను చెప్పనా? చాపలు కుట్టే మనిషి మీ పక్కన కూర్చుని టీ తాగుతుందని. అది కాకపోతే కాదని రాయి. నేను మాత్రం నీ "చూద్దాం" కోసం కూర్చోను. ఇంకో ఫారం తెప్పించుకుని నింపి, సంతకాల దగ్గర మీ ఇద్దరి పేర్లూ రాసి నేరుగా క్లబ్బుకి పంపేశాను. వాళ్ళే మీ దగ్గరికి తెస్తారు. పెడితే పెట్టండి, లేకపోతే "పెట్టం" అని వాళ్ళ మొహం మీదే చెప్పండి.

అక్క

*

మార్చి 10

(పోస్టుకార్డు)

నన్ను అడక్కుండా నా పేరు రాశావు. స్టాఫ్ రూములోకి క్లబ్బు గుమాస్తా వచ్చి అందరి ముందూ ఫారం నా చేతిలో పెట్టాడు. ఇద్దరం సంతకం పెట్టాం. ఇంటర్వ్యూ ఏప్రిల్ 6న. ఇప్పటికి నీ పంతం నెగ్గింది, సంతోషమేనా?

*

మార్చి 14

అక్కా,

కార్డు కోపంలో రాశాను. ఇది కాస్త చల్లబడి రాస్తున్నాను, ఇందులో ముఖ్యమైన విషయం ఉంది, జాగ్రత్తగా చదువు.

నేను ఇన్నాళ్ళూ నీళ్ళు నమిలింది ఎందుకంటే, క్లబ్బు నిబంధనల్లో పదకొండోది ఒకటుంది. కొత్తవాళ్ళని ప్రతిపాదించేవాళ్ళు వాళ్ళకి బంధువులై ఉండకూడదు. మా సంతకాలు చెల్లవు. అది నీకు మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. చెబితే "మరి వేరేవాళ్ళని అడుగు" అంటావు. అడిగాను అక్కా. నలుగురిని అడిగాను. నలుగురికీ నువ్వు ఏళ్ళ తరబడి చాపలు కుట్టిన దానివే. ఒకాయన "ఆవిడ పనికి తిరుగులేదండీ, కానీ పనివాళ్ళని పైకి తెస్తే రేపు రంగులు వేసేవాడూ అడుగుతాడు" అన్నాడు. తక్కిన ముగ్గురూ అదే మాట ఇంకాస్త మర్యాదగా అన్నారు. అది నీకు ఏ మొహంతో రాయను? అందుకని చాంతాడు, డ్యూటీలు, వయసు అంటూ ఏదేదో రాశాను.

ఇప్పుడు ఫారం వచ్చేసింది కాబట్టి ఇద్దరం గుండె గట్టి చేసుకుని "పరిచయస్థులు" అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాం. మన ఇంటిపేర్లు వేరు, ఎవరికీ తెలియదు. ఇంటర్వ్యూలో నేనూ బల్ల దగ్గరే ఉంటాను. నువ్వు నాకెలా తెలుసని అడుగుతారు. నేను చెప్పేది విని ఊరుకో. ఒక్క అరగంట నాకు అక్కవి కాకుండా ఉండు. బెర్త్ చేతికొచ్చాక నన్ను ఎంత తిడతావో తిట్టు.

ఈ ఉత్తరం చదవగానే చించెయ్.

పొట్టి

*

ఏప్రిల్ 7

అమ్మా మెంబరు గారూ,

నీ కార్డు తర్వాత ఇంకేదో కవరు వచ్చింది. విప్పలేదు. బట్ట కత్తిరించే బల్ల సొరుగులో పడేశాను. కార్డు మీద పోస్టుమాన్ కూడా చదివేలా తిట్టినదానివి, కవరులో ఇంకెంత తిట్టి ఉంటావో అని. రెండుసార్లు ఫోను చేశావు, నీ గొంతు వినగానే పెట్టేశాను. ఇప్పుడు నా గొంతు విను.

నిన్న జరిగింది నీకు తెలుసు, అక్కడే ఉన్నావు కదా. అయినా రాస్తాను. నువ్వు బల్లకేసి చూస్తూ కూర్చున్నావు కాబట్టి కొన్ని చూసి ఉండవు.

ఇస్త్రీ చీర కట్టుకుని, ముందు గేటు నుంచి వచ్చాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. పై గదిలో కూర్చోబెట్టారు. ఎదురుగా గోడమీద పందెంలో గెలిచిన పడవ ఫోటో. దాని పెద్ద చాప నేను పదకొండు రోజులు కూర్చుని కుట్టినది. దాని కిందే కూర్చుని మీ అధ్యక్షుడు "మీ వృత్తి?" అని అడిగాడు. డిసెంబరులో నా కుట్టు షెడ్డుకి వచ్చి "అమ్మా, కాస్త తొందరగా ఇప్పించండి" అని బతిమాలిన మనిషే!

"చాపలు కుడతాను" అన్నాను.

"మీరు సభ్యులైపోతే మరి మా పనులు ఎవరు చేస్తారండీ?" అని నవ్వాడు. అందరూ నవ్వారు.

"పళ్ళ డాక్టరు గారు సభ్యులేగా. ఆయన చేత పళ్ళు పీకించుకోవడం మీరు మానేశారా?" అన్నాను. మరిదిగారు దగ్గారు. ఇరవై ఏళ్ళుగా ఊరి జనం నోళ్ళన్నీ తెరిపిస్తారు గానీ తన నోరు మాత్రం తెరవరు కదా.

అప్పుడు నిన్ను అడిగారు, ఈవిడ మీకెలా తెలుసని. నువ్వు నా వైపు చూడకుండా, టీ కప్పు పక్కకి జరిపి, "మా చాపలు కుడతారండీ. చాలా ఏళ్ళుగా తెలిసినావిడ" అన్నావు.

తెలిసినావిడ.

నీకు మశూచి పోసినట్టు ఒళ్ళంతా పొక్కినప్పుడు ఇరవై రోజులు పక్కన కూర్చుని విసిరింది తెలిసినావిడేనా? నువ్వు టీచరు ట్రైనింగుకి పోతానంటే చదువు మానేసి కుట్టు మిషనెక్కింది ఆ తెలిసినావిడే కదా? నేను లేచి నిలబడ్డాను. "తెలిసినావిడ ఏమిటే? ఇద్దరం ఒక్క తల్లి కడుపున పుట్టాం" అన్నాను. గట్టిగానే అన్నాను. కింద వంటగది దాకా వినపడి ఉంటుంది.

ఎవ్వరూ నవ్వలేదు. మీ అధ్యక్షుడు ఫైలు మూసేసి "ఇక చాలండీ" అన్నాడు. నువ్వు నా మొహం చూడలేదు. మెట్లు దిగి ముందు గేటు నుంచే వెళ్ళాను.

ఏరు దాటాక తెప్ప తగలేసిన వాళ్ళని చూశాను గానీ, తెప్పని పట్టుకుని "ఇదెవరిదండీ?" అని అడిగిన వాళ్ళని నిన్ననే చూశాను.

ఇట్లు,
తెలిసినావిడ

*

ఏప్రిల్ 10

అక్కా,

సొరుగు తెరువు. ఆ కవరు చింపు. మార్చి 14 తేదీది. అది చదివిన తర్వాతే ఈ కింది ముక్కలు చదువు.

చదివావా? ఇప్పుడు విను. ఫోను నువ్వు రెండుసార్లు పెట్టేశావు. మూడోసారి బావగారు ఎత్తి, "అమ్మా, మీ ఇద్దరి మధ్య నీళ్ళు చాలా లోతుగా ఉన్నాయి, నన్ను దింపకు" అని పెట్టేశారు. నేనింకేం చెయ్యాలి? పావురంతో పంపాలా?

నీ కోసం అబద్ధం రాసి సంతకం పెట్టాం. పద్దెనిమిదేళ్ళలో ఆయన అక్కడ ఎవరితోనూ ఒక్క మాట పడలేదు. మొన్న నీ ఒక్క అరుపుతో అందరి ముందూ దొంగ సంతకం పెట్టిన మనుషులమయ్యాం. మే 4న మా మీద విచారణట. నోటీసు గోడకి అంటించారు. నిన్న క్లినిక్కులో ఒక పేషెంటు నోట్లో పరికరం ఉండగానే "మీరు కూడానా డాక్టరుగారూ!" అన్నాడట. మా స్కూల్లో పిల్లలకి తెలిసిపోయింది.

మా పరువు పోయింది, నీ దరఖాస్తూ పోయింది. కుట్టు మీద ఉండే ఓపికలో పావు వంతు మనుషుల మీద పెట్టి ఒక్క కవరు చింపి ఉంటే ఈపాటికి పదిహేడో నంబరులో నీ తాడు ఉండేది. కవరు చింపడానికి నీకు కత్తెరలు తక్కువయ్యాయా?

నేనూ అలిసిపోయాను.

పొట్టి

*

ఏప్రిల్ 16

పొట్టీ,

చింపాను. చదివాను. మీ బావ కూడా చదివి, "ఈసారి నీదే" అని తలుపు దగ్గరికి జరిగి నిలబడ్డారు.

సరే, నాదే. కవరు విప్పకపోవడం నాది, కోపం నాది, అరిచింది నేను. మరిదిగారికి నా తరఫున చెప్పు. ఆయన్ని నలుగురిలో నిలబెట్టినందుకు నాకు అన్నం సహించడం లేదు. ఇది మాత్రం నిజంగా చెప్పు.

నువ్వడిగిన ఆ నలుగురి చాపలూ మరమ్మతుకి నా దగ్గరే ఉన్నాయి. ఒక్క కుట్టు వెయ్యకుండా, ఉప్పు కూడా దులపకుండా మడిచి తిప్పి పంపేశాను. పనివాళ్ళని పైకి తేకూడదన్నారుగా, వాళ్ళే కిందికి దిగి కుట్టుకుంటారు.

కానీ ఒకటి అడుగుతాను, దానికి దాటవేయకుండా జవాబు రాయి. ఆరోజు నువ్వు చెప్పింది అబద్ధం. అబద్ధం చెప్పడం నీకు చిన్నప్పటి నుంచీ రాదు. పలక పగలగొట్టి "పడిపోయింది" అనడానికి మూడుసార్లు తడబడ్డదానివి. మరి "తెలిసినావిడ" అన్నప్పుడు ఒక్క అక్షరం కూడా తడబడలేదేమే? రోజూ అనే మాటలాగా అంత నున్నగా ఎలా వచ్చింది నీ నోట్లోంచి? కవరు చదివిన దగ్గర్నుంచీ అదే తిరుగుతోంది నా బుర్రలో. మళ్ళీ కోపం వస్తోంది, ఈసారి ఎందుకొస్తోందో కూడా తెలుస్తోంది.

అక్క

*

ఏప్రిల్ 28

అక్కా,

మూడుసార్లు రాసి చించాను.

మేము క్లబ్బులో చేరిన మొదటి ఏడు, ఒకావిడ చిరిగిన చాప చూపించి "ఏటి ఎగువన ఎవరో బాగా కుడుతుందటగా, మీకు తెలుసా?" అని అడిగింది. "తెలుసు, బాగా కుడతారు" అన్నాను. మా అక్క అని అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అప్పటికి మేము కొత్త. వాళ్ళ మాటలూ, వాళ్ళ నవ్వులూ ఇంకా అలవాటు కాలేదు. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత చెబితే "మరి ఆ రోజు చెప్పలేదేం?" అంటారు కదా. మరుసటి ఏడు ఇంకా కష్టమైంది. అలా పద్దెనిమిదేళ్ళు. ఎవరు అడిగినా "తెలిసినావిడ" అనే చెప్పాను. అందుకే తడబడలేదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ మొదలుపెట్టాను గనక. నువ్వు వెనక గేటు నుంచి మూట మోసుకుంటూ వచ్చినప్పుడల్లా నేను లేనని అనుకునేదానివి. రెండుసార్లు పై గది కిటికీ దగ్గరే ఉన్నాను. ఒకసారి వాన కూడా పడుతోంది. నువ్వు మూట తడవకుండా నీ కొంగు దాని మీద కప్పావు. కాపలా మనిషి గొడుగు తెచ్చాడు. నేను దిగి రాలేదు. ఇంటికెళ్ళి నీకు ఫోను చేసి, "ఏమిటే, వచ్చి కూడా ఇంటికి రాలేదు?" అని నేనే దెబ్బలాడాను.

దీనికి నువ్వేమన్నా సరే పడతాను. జవాబు రాయకపోయినా సరే.

పొట్టి

*

మే 9

అక్కా,

నువ్వు రాయలేదు. రాయవనే అనుకున్నాను. అయినా తెలియాల్సినవి రెండున్నాయి.

మే 4న విచారణ అయింది. క్షమాపణ రాసిస్తే ఏడాది సస్పెన్షన్‌తో సరిపెడతామన్నారు. కాగితం కూడా టైపు చేసి ఉంచారు. "పనివారిని సభ్యులుగా ప్రవేశపెట్టే ఉద్దేశంతో" అని ఉంది అందులో. నేను చదివేసరికి కళ్ళు మండాయి. నోరు తెరవబోయాను. అంతలో ఆయన లేచారు. మీ మరిది! కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆవిడ మా వదినగారు. ఆ ముక్క ఫారంలో రాయకపోవడం మా తప్పు, దానికి క్షమాపణ చెబుతాను. ఆవిడ్ని పనివారు అన్న ముక్కకి మీరు చెప్పండి" అన్నారు. ఆయన ఇద్దరి సభ్యత్వం కార్డులూ బల్ల మీద పెట్టారు. నేను వాకిలి దాటాక ఏడ్చాను. కోపంతోటే. పద్దెనిమిదేళ్ళు నేను అనలేని ముక్క ఆయన అర నిమిషంలో అన్నందుకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

రెండోది. క్లబ్బుకి అవతల, పెద్ద ఓడల్ని లాగే టగ్గు బోట్ల వాళ్ళ రేవు ఉంది కదా. రోజూ స్కూలుకి ఆ దారినే పోతూ ఎప్పుడూ అటు తిరిగి చూడలేదు. నిన్న వెళ్ళాను. అక్కడ బోట్లు నడిపే పెద్ద సరంగు ఒకాయన, నోట్లో పుల్ల, కాళ్ళకి చెప్పుల్లేవు. చోటు ఉందా అని అడిగాను. "గోడ చివర ఒకటుంది. రాత్రిళ్ళు మా బోట్లు వచ్చిపోతుంటే అలలకి ఊగుద్ది, ఇంజన్ల చప్పుడు. ఓర్చుకుంటే కట్టుకోండి. మీ పడవకి లోతెంత కావాలి?" అన్నాడు. అయిదడుగులని చెప్పాను. "మరి కొలుచుకోండి" అని తాడూ ఇటుకా ఇచ్చాడు. స్కూలు చీరతోటే బురదలోకి దిగి, ఆటు పూర్తిగా తీసినప్పుడు కొలిచాను. ఏడడుగులు ఉంది అక్కా. చెప్పు ఒకటి పోయింది.

సభ్యత్వం అక్కర్లేదు, ఇంటర్వ్యూ లేదు. పడవ ఆసామి సంతకం ఒకటి చాలట. కాగితం జత చేశాను. మే 31కి ఇంక మూడు వారాలే ఉంది. నా మీద కోపంతో పడవని నలగనివ్వకు.

పొట్టి

*

మే 12

భూగోళం టీచరు గారికి,

పిల్లలకి ఆటుపోట్లు నువ్వేనా చెబుతున్నది? వాళ్ళ తల్లిదండ్రులకి తెలిస్తే స్కూలు మీద పడతారు.

ఎనిమిదో తేదీన కొలిచావు. ఆ రోజు చంద్రుడు సగమే. సగం చంద్రుడప్పుడు నీళ్ళు తక్కువ తీస్తాయి. అమావాస్యకి ఇంకో రెండడుగుల దాకా తీస్తాయి. నీ లెక్కన కట్టేస్తే నా పడవ పదిహేను రోజులకొకసారి కూలబడుతుంది. పదిహేనున అమావాస్య. ఆ రోజు మళ్ళీ కొలువు. అడుగున బురదా, రాయా? ఇటుకకి ఏమంటుకుందో చూసి రాయి.

నీ ఏప్రిల్ ఉత్తరానికి జవాబు లేదు. నా దగ్గర ఇంకా తయారు కాలేదు. దాని గురించి అడగకు.

మరిదిగారికి నమస్కారాలు.

అక్క

*

మే 16

అయిదడుగుల నాలుగంగుళాలు. మూడుచోట్ల కొలిచాను. అడుగున బురద, నల్లది, వాసన భరించలేం. సరంగు కూడా చూసి అవునన్నాడు. ఆయన "రెండో చెప్పు కూడా ఇచ్చెయ్యండి, జత కలుస్తుంది" అన్నాడు. వస్తున్నావా లేదా?

పొట్టి

*

జూన్ 3

పొట్టీ,

నిన్న సాయంత్రానికి ఇల్లు చేరాం. అరచేతులు బొబ్బలెక్కాయి, పెన్ను సరిగ్గా నిలవడం లేదు.

మీ అందరి ముందూ అలా అరిచి ఉండకూడదు. కానీ నువ్వు తాడు పట్టుకున్న తీరు చూసి ఏ మనిషి ఊరుకుంటుంది? పున్నమి పోటు మీద రెండు రోజులు నిద్ర లేకుండా, ఎండలో, తోడొచ్చిన, నా షెడ్డులో మిషను కుట్టే ఆవిడ ఒక పక్క కక్కుకుంటుంటే పడవని చెక్కు చెదరకుండా తెచ్చాను. తీరా రేవులో నీ చేతికి తాడు విసిరితే నువ్వు దాన్ని కొళాయికి కట్టావు. కొళాయికి! పడవ వెనక్కి లాగితే కొళాయి ఊడి టగ్గు వాళ్ళ భోజనాల మీద ఫౌంటెన్ లేచింది. నేను అనకూడనివన్నీ అన్నాను. కొళాయితో మొదలుపెట్టి వాన, కిటికీ, కొంగు, పద్దెనిమిదేళ్ళు, అన్నీ అక్కడే కక్కేశాను. నువ్వూ తక్కువ తినలేదు. "కవరు చింపని దానివి నువ్వు, కిటికీ గురించి మాట్లాడతావా!" అన్నావు. అంతమంది తడిసిన బట్టలతో కంచాలు పట్టుకుని మనల్నే చూస్తున్నారు. సరంగు మీ బావని, "వీళ్ళు అక్కచెల్లెళ్ళా?" అని అడిగాడట. "ఎలా తెలిసింది?" అంటే, "పరాయోళ్ళు ఇంత సేపు తిట్టుకోరండీ, మధ్యలో అలిసిపోతారు" అన్నాడట.

నీకు ఒకటి స్పష్టంగా రాస్తున్నాను, తర్వాత తికమకపడకు. నా కోపం పోలేదు. వాన రోజు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సూది పక్కన పెట్టేస్తాను. ఎప్పుడు పోతుందో నాకు తెలియదు, పోకపోవచ్చు కూడా. పడవ తాళం నీకు ఇచ్చింది మనసు కరిగి కాదు. పడవ అడుగున ఊరిన నీళ్ళు రెండు రోజులకొకసారి పంపు కొట్టి తోడాలి, నేను వారానికి ఒకసారే రాగలను, ఇంకెవరున్నారు నాకు ఆ ఊళ్ళో?

పంపు పిడి పైకి లాగేటప్పుడు నెమ్మదిగా లాగు. కొళాయి బాగుచేయించు.

అక్క

*

జూన్ 14

అక్కా,

ముందు పడవ క్షేమం అని రాస్తాను, మిగతాది తర్వాత చదువు.

మొన్న పొద్దున్న తొమ్మిదింటికి గాలి లేచింది. స్కూల్లో రెండో పీరియడ్. కిటికీలోంచి జెండా కొయ్య వంగడం చూసి, పిల్లల్ని పక్క క్లాసు టీచరుకి అప్పజెప్పి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి ముందు తాడు గోడ అంచుకి రాసుకుని సగం తెగింది. టగ్గు వాళ్ళు ఇద్దరు పట్టుకున్నారు. నేను ఎక్కాను. నన్ను ఎక్కొద్దన్నారు, ఎక్కాను. లోపల నీళ్ళు పడక కింది దాకా ఉన్నాయి. పంపు మూడు వందల పన్నెండు సార్లు కొట్టాను. మధ్యలో నీ పళ్ళెమంత తొట్టిలో వాంతి చేసుకున్నాను. శుభ్రం చేశాను, అయినా వాసన ఉంటే నేనే.

ఆయన క్లినిక్కు మూసేసి తెల్లకోటుతోటే వచ్చి, గోడకీ తాడుకీ మధ్య చిరిగిన టైరు కుక్కారు. మధ్యాహ్నం రెండుకి తగ్గింది.

క్లబ్బులో రెండు పడవలు గుద్దుకున్నాయి. అధ్యక్షుడి పెద్ద చాప నిలువునా చీలింది. ఆయన నిన్న మా గుమ్మంలోకి వచ్చి, మర్యాదగానే, "మీ అక్కగారికి ఒక మాట చెబుతారా?" అని అడిగాడు. నేను "ఆవిడ నాతోటే సరిగ్గా మాట్లాడటం లేదండీ, మీరే ఉత్తరం రాసుకోండి" అన్నాను. కుడతావో తిప్పి పంపుతావో నీ ఇష్టం.

నీ కోపం పొమ్మని నేను అడగను. కానీ ముందు తాడుకి నువ్వు వేసిన ముడి తప్పు. గాలికి అది బిగుసుకుపోయింది, విప్పబోతే గోళ్ళు విరిగాయి. సరంగు చేత ఇంకో ముడి నేర్చుకుని కొత్త తాడుతో నేనే కట్టాను. ఒప్పుకోకపోతే ఆదివారం వచ్చి చూసి తిట్టు.

గాలి మళ్ళీ మొదలైంది. వెళ్తున్నాను.

పొట్టి